పెంజేరు, హెంజేరు, హేమావతి

ఏటా పుష్య బహుళ పంచమి దగ్గర పడుతుందంటే తెలుగునాట సంగీతం తెలిసినవాళ్ళ చూపు తిరువయ్యారు వైపు మళ్ళుతుంది. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ఎదుట విద్వాంసులంతా వరుసలు కట్టి కూర్చుని పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుగా పాడతారు. అదే ఊళ్ళో పంచనదీశ్వరుడి పెద్ద గుడి ఉంది. ఆ ప్రాంగణంలో కొన్ని స్తంభాలు చుట్టూ ఉన్న చోళుల కట్టడంతో పొసగవు. అడుగున చదరపు దిమ్మె, దాని ముఖాల మీద బొమ్మలు, పైకి పోయేకొద్దీ ముత్యాల దండలు, లతల పట్టీలు, కలశం, దాని మీద దిండులా ఉబ్బిన భాగం, ఆపై పలక. రాతిలో చేశారా, కలపలో చేశారా అనిపించేంత నాజూకు పని అది. ఆ స్తంభాలు అక్కడ పుట్టినవి కావు. దాదాపు వెయ్యేళ్ళ కిందట, యుద్ధంలో గెలిచిన గుర్తుగా, చోళులు వాటిని సుమారు నాలుగు వందల కిలోమీటర్ల అవతలి నుంచి మోయించుకొచ్చారని కళా చరిత్రకారుల మాట. ఆ రాళ్ళను కోల్పోయిన ఊరు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పేరు హేమావతి. తిరువయ్యారు ఎరిగిన తెలుగువాళ్ళలో హేమావతి పేరు విన్నవాళ్ళు చాలా తక్కువ.

శ్రీసత్యసాయి జిల్లా పటం తీసి చూస్తే నైరుతి మూల ఒక ముక్క కర్ణాటకలోకి నాలుకలా చొచ్చుకుపోయి కనిపిస్తుంది. మడకశిర, గుడిబండ, రొళ్ళ, అగళి, అమరాపురం మండలాలు ఆ నాలుక మీద ఉన్నాయి. మూడు వైపులా కర్ణాటకే. అమరాపురం మండలంలోని హేమావతికి సొంత జిల్లా కేంద్రం పుట్టపర్తి కన్నా కన్నడ దేశపు శిరా పట్టణం ఎంతో దగ్గర. వక్కతోటలు, మల్బరీ చేలు, చెరువు కింద మళ్ళు ఉన్న పల్లెసీమ. ఇళ్ళలో ఎక్కువగా వినిపించేది కన్నడం. కచేరీ కాగితం, రేషన్ కార్డు, బస్సు బోర్డు తెలుగు. ఈ ప్రాంతంలో కన్నడ మాధ్యమంలో నడిచే ప్రభుత్వ బడులు ఇప్పటికీ ఉన్నాయి. పొరుగునే కర్ణాటకకు చెందిన పావగడ తాలూకా ఇదే తీరుగా ఆంధ్ర నేలలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. రెండు రాష్ట్రాలూ ఒకదాని ఒడిలోకి ఒకటి వేళ్ళు జొనిపి కూర్చున్నట్టుంటుంది ఇక్కడ సరిహద్దు.

ఈ మారుమూల పల్లె ఒకప్పుడు రాజధాని. ఎనిమిదో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం దాకా నొలంబులు, తమను పల్లవ వంశీకులుగా చెప్పుకున్నారు కాబట్టి నొలంబ పల్లవులు, ఈ చోటు నుంచే ఏలారు. అప్పటి పేరు పెంజేరు, తర్వాత హెంజేరు. వాళ్ళ రాజ్యాన్ని శాసనాలు నొలంబవాడి ముప్పై రెండు వేలు అంటాయి. ఇప్పటి అనంతపురం వైపు నేల, తుమకూరు, చిత్రదుర్గ, కోలారు ప్రాంతాలు, తమిళనాట ధర్మపురి దాకా వాళ్ళ జాడలు దొరుకుతాయి. ధర్మపురిలో దొరికిన వాళ్ళ శాసనాల మీద 878, 893 సంవత్సరాలకు సరిపోయే శక సంవత్సరాలున్నాయి. కోలారు జిల్లా ఆవనిలోని గుళ్ళు, తుమకూరు జిల్లా అరళగుప్పెలో కల్లేశ్వరాలయపు కప్పు మీద నాట్యం చేసే శివుడు, ఆయన చుట్టూ కొలువైన దిక్పాలకులు ఆ కళలోని గొప్ప పనులు. మహేంద్రుడు, అయ్యపదేవుడు, అన్నిగుడు, దిలీపుడు వంటి రాజుల పేర్లు శాసనాల్లో వరుసగా వస్తాయి. చుట్టూ గాంగులు, బాణులు, రాష్ట్రకూటులు, చోళులు. అంతమంది బలవంతుల నడుమ మూడు వందల ఏళ్ళు నిలబడటం చిన్న సంగతి కాదు. వాళ్ళ మీద గెలుపు ఎంత గొప్పగా అనిపించిందో శత్రువులే చెప్పుకున్నారు. గాంగరాజు రెండో మారసింహుడు ‘నొలంబకులాంతకుడు’ అని బిరుదు పెట్టుకున్నాడు, అది శ్రవణబెళగొళలో రాతి మీద చెక్కి ఉంది. రాజరాజ చోళుడి ప్రశస్తి తాను గెలిచిన దేశాల వరుసలో వేంగినాడుతో పాటు నొలంబపాడిని కూడా లెక్కపెట్టింది.

ఇంత చరిత్ర ఉన్న ఊరు తెలుగు పాఠకుడి మనసులో ఎందుకు లేదు? ఊరు చిన్నది, దూరం ఎక్కువ, దారి సరిగా ఉండదు అని సాధారణంగా చెబుతారు. ఆ మాట నిలవదు. అదే జిల్లాలో, అదే సరిహద్దు వెంట లేపాక్షి ఉంది. అదీ పల్లెటూరే. అయినా దాని వీరభద్రాలయం గురించి, వేలాడే స్తంభం గురించి, ఏకశిలా నంది గురించి మన పిల్లలకు బడిలోనే తెలుస్తుంది. 2022లో అది యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కింది. లేపాక్షికి విజయనగరం అనే పెద్ద కథ తోడుంది. కృష్ణదేవరాయలి పేరు చెప్పగానే తెలుగువాడు ఆ రాజ్యాన్ని తనదనుకుంటాడు. హేమావతికి అలాంటి తోడు లేదు. నొలంబులు కన్నడంలో శాసనాలు వేయించారు కనుక తెలుగువాళ్ళ చరిత్ర పుస్తకంలో వాళ్ళకు ఒక పేరా మించి దక్కలేదు. వాళ్ళ రాజధాని ఆంధ్రలో ఉండిపోయింది కనుక కర్ణాటక పర్యాటక పటంలోనూ చోటు దొరకలేదు. చోళులకు ఓడిన వాళ్ళు కనుక తమిళ చరిత్రలో ఒక జయించిన దేశంగా మిగిలారు. భాషను బట్టి రాష్ట్రాలను విడదీసుకున్నాం, సరే. ఆ తర్వాత వెయ్యేళ్ళ వెనకటి చరిత్రను కూడా అవే గీతల వెంట కోసి పంచుకున్నాం. ఆ కోతలో రెండు ముక్కల మధ్య పడి నలిగింది హేమావతి. హేమావతికి జరిగిన నష్టం అక్కడి నుంచే మొదలైందని నా నమ్మకం. రోడ్డు వేసినా, గదులు కట్టినా, ఆ కోత మానకపోతే ఈ ఊరికి దక్కేది కొద్దిగానే ఉంటుంది.

నొలంబుల వంశవృక్షాన్ని చెప్పే ముఖ్యమైన ఆధారం హేమావతిలోని ఒక స్తంభ శాసనం. త్రినయన పల్లవుడి దగ్గర మొదలుపెట్టి తరం తర్వాత తరం పేర్లు చెబుతుంది. ఆ స్తంభం ఉన్న ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లాలో ఉంది. శాసనం మాత్రం లూయిస్ రైస్ సంకలనం చేసిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పన్నెండో సంపుటంలో, మైసూరు సంస్థానపు తుమకూరు జిల్లా సంపుటంలో, శిరా తాలూకా లెక్కలో అచ్చయింది. ఆ సంపుటం వెలువడింది 1904లో. రాయి ఒక దొరతనంలో, దాని మీది మాట మరో దొరతనపు పుస్తకంలో. రైస్ చేసింది పొరపాటని నేను అనను. మైసూరు శాసనాలను చదువుతూ వచ్చిన మనిషికి ఈ ఊరిని వదిలేస్తే కథ సగంలో తెగుతుందని తెలుసు. ఆయన సరిహద్దు దాటి వచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన మనం దాటడం మానేశాం.

శిల్పాల సంగతి మరో తీరు. అనంతపురం మద్రాసు పాలనలో ఉన్న రోజుల్లో హేమావతి నుంచి తరలిన శిల్పాలు, స్తంభాలు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. సి. శివరామమూర్తి 1964లో వాటి మీద ప్రత్యేకంగా ఒక సంపుటం రాశారు. ఆయనే 1942లో అదే మ్యూజియంలోని అమరావతి శిల్పాల మీద రాసిన పుస్తకం తెలుగు చరిత్ర చదివే ప్రతివాళ్ళకూ తెలుసు. ఒకే పండితుడు, ఒకే మ్యూజియం, రెండూ ఇప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన రాళ్ళే. అమరావతి శిల్పాలు మద్రాసుకూ లండన్‌కూ పోయాయని తెలుగువాళ్ళు నూరేళ్ళుగా బాధపడుతున్నారు. ఆ బాధలో న్యాయం ఉంది. హేమావతి రాళ్ళ గురించి ఆ బాధ ఎవరికీ కలగలేదు. అమరావతి బౌద్ధానిది, ప్రాకృతానిది, శాతవాహనులది. అందులో తెలుగు మాట వెతకాలంటే ఒక్కొక్క పదం ఏరుకోవాలి. అయినా దాన్ని మనదనుకోవడానికి ఎవరూ జంకలేదు. ఎందుకంటే ప్రాకృతానికి ఇవాళ పొరుగున ఒక రాష్ట్రం లేదు. కన్నడానికి ఉంది. హేమావతిని మన నుంచి దూరం చేసింది ఆ ఒక్క తేడాయే.

ఊరి పేరునే విని చూడండి. పాత శాసనాల్లో పెంజేరు, తర్వాతి వాటిలో హెంజేరు. ఇది లేఖరుల పొరపాటు కాదు. కన్నడంలో పదాల మొదటి పకారం నెమ్మదిగా హకారంగా మారిన కాలం అది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు, మన పల్లి హళ్ళి అయినట్టే పెంజేరు హెంజేరు అయింది. ఆ మార్పు రాకముందు ఆ పేరును తెలుగు నోరూ కన్నడ నోరూ ఒకేలా పలికాయి. ఇప్పటి హేమావతి అనే సంస్కృతపు పేరు ఆ పాత పేరు మీద కప్పిన పట్టుబట్ట. లిపి కూడా అంతే. నొలంబుల కాలంలో తెలుగుకు ఒక లిపి, కన్నడానికి మరో లిపి లేవు. రాతి మీద ఉన్నది ఆ రెండింటికీ తల్లి లిపి. అది నేర్చుకోవాలంటే ఇవాళ తెలుగు విద్యార్థి, కన్నడ విద్యార్థి ఒకే బల్ల మీద కూర్చుని ఒకే పాఠం చదవాలి. ఆ ఊరి పెద్ద గుడి దేవుడి పేరు దొడ్డేశ్వరుడు. దొడ్డ అంటే కన్నడంలో పెద్ద. ఆ మాట మనకు పరాయిదా? పెద్దమ్మను దొడ్డమ్మ అని పిలిచే ఇళ్ళు, మంచివాడిది దొడ్డమనసు అని మెచ్చుకునే నోళ్ళు తెలుగునాట ఎన్ని లేవు! అర్థం అడగకుండానే తెలిసే పేరు పెట్టుకున్న దేవుడు ఆయన.

నొలంబుల తర్వాత ఈ సీమను ఏలినవాళ్ళ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. ఇప్పుడు పావగడ తాలూకాలో ఉన్న నిడుగల్లు కొండకోట నుంచి, ఈ హెంజేరు నుంచి చోళ వంశీకులు కొందరు రాజ్యం చేశారు. తెలుగు దేశమంతటా చిన్న చిన్న రాజ్యాలు పెట్టుకున్న తెలుగు చోడుల మాదిరే వీళ్ళూ తాము కరికాలుడి సంతతి అని, తమిళనాటి ఒరయూరు తమ మూలమని చెప్పుకున్నారు. వాళ్ళ శాసనాల భాష కన్నడం. తమిళ దేశపు పూర్వికుణ్ణి చెప్పుకుంటూ, తెలుగు చోడుల బాణీలో బిరుదులు పెట్టుకుంటూ, కన్నడంలో దానాలు రాయించిన రాజులను ఏ రాష్ట్రపు చరిత్రలో చేర్చాలి? ఈ ప్రశ్న ఆ కాలం వాళ్ళకు అర్థం కూడా అయ్యేది కాదు. భాష వాళ్ళకు పని. దానపత్రం ఎవరు చదవాలో వాళ్ళ భాషలో రాశారు. ఏ భాష రాస్తే ఆ జాతి అనే లెక్క మనం పెట్టుకున్నది. అదీ ఈమధ్యే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నొలంబులది కన్నడ సంస్కృతి, ఆ ఊరి జనం మాట్లాడేదీ కన్నడమే, కాబట్టి దాని బాగోగులు కన్నడిగులు చూసుకుంటే సరిపోతుంది కదా, తెలుగువాళ్ళు ఎందుకు పూనుకోవాలి అని. దీనికి నా జవాబు మొదట చట్టం వైపు నుంచి. ఆ గుళ్ళు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, వాటిని చూసేది అమరావతి సర్కిల్. రోడ్డు, బడి, బస్సు, పంచాయతీ ఆంధ్రప్రదేశ్‌వి. పొరుగు రాష్ట్రం ఎంత అభిమానం చూపినా ఇక్కడ ఒక్క బోర్డు నాటలేదు. రెండో జవాబు చరిత్ర వైపు నుంచి. ఆ వంశవృక్షం మొదట్లో ఉన్న త్రినయనుణ్ణి మన శాసనాలు, కైఫియత్తులు త్రిలోచన పల్లవుడనే పేరుతో ఎరుగుతాయి. వేంగి చాళుక్యులు తమ పుట్టుక గురించి చెప్పుకున్న కథలో, ముదివేములో తలదాచుకున్న రాణి కథలో, వాళ్ళ మూలపురుషుడు పోరాడింది ఆ త్రిలోచన పల్లవుడితోనే. రాజరాజ నరేంద్రుడి ఇంటి కథలో ఉన్న పేరు, హేమావతి స్తంభం మీద తాతముత్తాతల పేరుగా కనిపిస్తుంది. దాన్ని పుక్కిటి పురాణమన్నా సరే, రెండు ఇళ్ళూ ఒకే పురాణం చెప్పుకున్నాయన్నది మాత్రం నిజం. కన్నడ శాసనాలున్నాయని లేపాక్షిని మనం వదులుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 

దీనికి ఎదురుగా మరో భయం ఉంది. సరిహద్దు ఊళ్ళో కన్నడ చరిత్రను ఎత్తి చూపిస్తే పాత పేచీలు మళ్ళీ రేగవా అని. ఈ భయం పుట్టడానికి కారణాలున్నాయి, తేలిగ్గా తీసేయకూడదు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు వదిలేసిన దత్తమండలాల్లో తెలుగు, కన్నడ సీమలు కలిసే ఉన్నాయి. బళ్ళారి జిల్లా నుంచి 1882లో అనంతపురం విడిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్ళారి అటు పోయింది. ఆ పంపకం నాటి మాటల వేడి చాలా ఏళ్ళు చల్లారలేదు. కానీ ఆ గొడవ జరిగి డెబ్బై ఏళ్ళు దాటింది. మడకశిర సీమ జనం ఈ ఏర్పాటులో బతకడం నేర్చుకున్నారు. పెళ్ళి సంబంధం అటు, సంత అటు, ఓటు ఇటు. వాళ్ళకు పేచీ లేదు. రెండు భాషల్లో రాసిన ఒక చరిత్ర పలక వల్ల వాళ్ళ ఇళ్ళ మధ్య గీత మారదు. పైగా కన్నడం ఇంట మాట్లాడే ఆంధ్ర పౌరుడికి తన ఊరి గతాన్ని తన ప్రభుత్వమే తన భాషలో చెప్పడం ఒక గౌరవం. అది దక్కనప్పుడే మనసులు అటు ఇటు లాగుతాయి.

మ్యూజియం గురించీ ఒక మాట అనుకోవాలి. శిల్పాలు చెన్నైలో భద్రంగా ఉన్నాయి, ఊళ్ళోనే ఉంటే చెదలు పట్టిన కప్పుల కింద, ఇంటి గోడల్లో, కాలువ గట్టుల్లో కలిసిపోయేవి కావా అంటే, కావచ్చు. పాత గుళ్ళ రాళ్ళు అలా ఇళ్ళలో కలిసిపోవడం మన పల్లెల్లో ఎన్నోచోట్ల జరిగింది. అందుకే ఎగ్మూరు శిల్పాలను వెనక్కి తెమ్మని నేను అడగను. తిరువయ్యారు స్తంభాలను ఊడబెరకమని అసలే అనను. వెయ్యేళ్ళుగా అవి ఆ గుడి బరువు మోస్తున్నాయి, వాటి జీవితంలో అదీ ఒక భాగమే. రాయి ఎక్కడున్నా ఫరవాలేదు, దాని గురించిన తెలివిడి మాత్రం ఊరికి తిరిగి రావాలి. వాటి నకళ్ళు, పెద్ద ఫోటోలు, శివరామమూర్తి సంపుటంలోని వివరం తెలుగులో, కన్నడంలో హేమావతికి చేరడానికి ఏ ఒప్పందమూ, ఏ వివాదమూ అడ్డురావు. డగ్లస్ బారెట్ 1958లోనే హేమావతి పేరుతో ఒక పుస్తకం రాశాడు. ఆండ్రూ కోహెన్ 1998లో నొలంబుల గుళ్ళు, శిల్పాల మీద సమగ్రమైన గ్రంథం అచ్చువేశాడు. ఈ ఊరి గురించి లోకానికి తెలిసింది ఎక్కువగా ఇంగ్లీషులో ఉంది. ఊరివాళ్ళు మాట్లాడే రెండు భాషల్లో అది ఇంటింటికీ అందుబాటులో లేదు. వారసత్వం తరలిపోవడమంటే నా దృష్టిలో అసలు ఇదే.

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం ఊరి లోపలి నుంచి వచ్చేది. వానలు నమ్మలేని సీమలో, బోరు ఎండితే వక్కతోట మాడిపోయే చోట, పాత రాళ్ళ గురించి మాట్లాడటం కడుపు నిండినవాళ్ళ ముచ్చట కాదా అన్న ప్రశ్న. దానికి తోడు చట్టం ఒకటి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం చేయకూడదు. ఆ పైన మరో 200 మీటర్ల దాకా ఏ నిర్మాణం చేయాలన్నా అనుమతి కావాలి. నగరంలో 100 మీటర్లంటే ఒక వీధి మలుపు. చిన్న పల్లెలో, గుళ్ళు ఇళ్ళ మధ్యే ఉన్నచోట, 100 మీటర్లంటే ఊళ్ళో మంచి భాగం. కొడుక్కి పెళ్ళయి ఇంకో గది వేసుకోవాలనుకున్న తండ్రికి, పాత మట్టిమిద్దె తీసి స్లాబు పోసుకోవాలనుకున్న కుటుంబానికి నొలంబుల ఘనత ఒక అడ్డంకిగానే మొదట పరిచయమవుతుంది. ఈ భారాన్ని పట్టించుకోకుండా వారసత్వం గురించి ఉపన్యాసాలివ్వడం న్యాయం కాదు. దేశం మొత్తం తరఫున ఒక గుడిని కాపాడే ఖర్చును ఆ గుడి పక్కింటివాడు తన ఇంటి గోడతో చెల్లిస్తున్నాడు. చెల్లిస్తున్నవాడికి తాను దేనికోసం చెల్లిస్తున్నాడో చెప్పాలి, అనుమతుల కోసం అతను నగరాల చుట్టూ తిరగకుండా చూడాలి. ఒక్కో కట్టడానికి దాని చుట్టుపక్కల తీరును బట్టి విడిగా ఉపనిబంధనలు రాయాలని ఆ సవరణ చట్టమే చెబుతోంది. ఏ ఎత్తు దాకా, ఏ ఇంటికి మరమ్మతు, ఏ వీధిలో మురుగుకాలువ అన్నవి ఊరివాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ భాషలో మాట్లాడి రాస్తే అభ్యంతరంలో సగం అక్కడే తీరుతుంది. కడుపుకూ చరిత్రకూ పోటీ పెట్టింది మన నిర్వాకమే. పోటీ వాటి స్వభావంలో లేదు.

ఊరివాళ్ళకు ఈ రాళ్ళ మీద పట్టింపు లేదనుకుంటే పొరపాటు. హేమావతి సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగంగా ఉండడు. మనిషి రూపంలో, సిద్ధాసనంలో కూర్చుని ఉంటాడు. గర్భగుడిలో లింగాన్నే చూడటానికి అలవాటుపడిన కళ్ళకు, నల్లరాతిలో నిండుగా కూర్చున్న ఆ మూర్తి ఎదుట ఒక్క క్షణం తడబాటు కలుగుతుంది. ఇలాంటి మూర్తి మూలవిరాట్టుగా ఉన్న శివాలయాలు అరుదు. ఆ దేవుణ్ణి భక్తులు పిలిచే పేరు హెంజేరప్ప. శివరాత్రి ఉత్సవాలకు ఆంధ్ర ఊళ్ళ నుంచి, కర్ణాటక ఊళ్ళ నుంచి జనం తరలివచ్చి ఆ పేరుతోనే మొక్కుతారు. ఆలోచించండి. రాజ్యం పోయింది. వంశం పేరు తుమకూరు వైపు నొణబలనే సముదాయం పేరులో నీడలా మిగిలిందని చరిత్రకారులంటారు. ఊరి పేరే మారిపోయి కాగితాల్లో హేమావతి అయింది. హెంజేరు అనే మాట ఏ రెవెన్యూ రికార్డులోనూ అక్కర్లేకుండా, దేవుడికి పెట్టిన పేరులో, ముసలమ్మ దండం పెడుతూ పలికే పిలుపులో భద్రంగా నిలిచింది. శాసన పండితుడు రాతి మీద కష్టపడి చదివిన పేరును ఊరి జనం రోజూ నోటితో పలుకుతున్నారు. అది చరిత్రని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

దొడ్డేశ్వరాలయం దీనికి భిన్నమైన అందం. బయటి నుంచి చూస్తే గోపురపు ఆర్భాటం ఏమీ లేదు. పెద్ద నంది, సాదా గోడ, ఆ గోడలో రాతి జాలీ కిటికీలు. వాటి దగ్గర ఆగాలి. ఒకే రాతి పలకలో తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. మెలిక మెలికకూ మధ్య రాయిని పూర్తిగా తొలిచి వెలుగుకు దారి వదిలారు. ఆ మెలికల లోపల దేవతామూర్తులు తీగలోనే పుట్టినట్టు ఇమిడిపోయి ఉంటారు. బయటి నుంచి చూసినప్పుడు బొమ్మ కనిపిస్తుంది, లోపలి నుంచి చూసినప్పుడు వెలుతురు ఆకారం కనిపిస్తుంది. ఉలి ఒక్కసారి జారితే పలకంతా వృథా. వక్కతోటల సీమలో, తమలపాకు తీగ చెట్టును చుట్టుకుని ఎక్కడం చూస్తూ పెరిగిన పిల్లవాడు ఈ కిటికీని చూస్తే శిల్పి ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో అడగనక్కర్లేదనిపిస్తుంది. ఇది నా ఊహ. కానీ ఆ ఊహ ఆ పిల్లవాడికి కలగాలంటే ముందు అతన్ని ఆ కిటికీ దగ్గర నిలబెట్టేవాళ్ళు ఉండాలి.

ఆ పని బడితో మొదలు కావాలి. మడకశిర సీమ బడుల్లో తెలుగు చదివే పిల్లలకూ కన్నడం చదివే పిల్లలకూ ఒకే సన్నటి పుస్తకం, రెండు భాషలు ఎదురెదురు పేజీల్లో ఉండేట్టు, హేమావతి గురించి ఇవ్వవచ్చు. నొలంబుల గుళ్ళు ఇప్పుడు మూడు రాష్ట్రాల్లో, పురావస్తు శాఖ వేర్వేరు సర్కిళ్ళ కింద ఉన్నాయి. అరళగుప్పె కప్పును చూసినవాడికి హేమావతి స్తంభం గురించి, హేమావతి చూసినవాడికి ఆవని, ధర్మపురి గురించి అక్కడి పలకే చెప్పాలి. ఒకే శాఖ కనుక ఇందుకు రాష్ట్రాల మధ్య చర్చలు అక్కర్లేదు, ఆఫీసుల మధ్య ఒక ఉత్తరం చాలు. సిద్ధేశ్వరాలయ ప్రాంగణంలో భద్రపరిచిన విడి శిల్పాల పక్కన, చెన్నైలో ఉన్న వాటి తోబుట్టువుల ఫోటోలు పెడితే చెల్లాచెదురైన కుటుంబం కనీసం గోడ మీద కలుస్తుంది. ఇవేవీ కోట్ల పనులు కావు. యాత్రికులను బస్సుల్లో దింపి, దుకాణాలు పెట్టించి, హేమావతిని మరో లేపాక్షి చేయాలని నేను కోరను. చిన్న ఊరి నీళ్ళు, నిద్ర ఆ సందడికి తట్టుకోవు. చరిత్ర మీద మనసున్న పదిమంది వచ్చినా, వాళ్ళకు దారి చూపి మాట చెప్పగల ఊరి యువకులు ఇద్దరు తయారైతే మేలు. ఆ ఇద్దరూ కన్నడం తెలిసిన తెలుగు రాష్ట్రపు పిల్లలు కనుక ఈ పనికి వాళ్ళంత సరిపోయినవాళ్ళు హైదరాబాదులోనూ దొరకరు, బెంగళూరులోనూ దొరకరు.

తిరువయ్యారులో కూడా ఒక చిన్న పని మిగిలి ఉంది. ఆరాధనకు వెళ్ళిన తెలుగువాళ్ళు సమాధి దగ్గర దండం పెట్టుకుని, పంచనదీశ్వరుణ్ణి చూసి వస్తారు. వచ్చే పుష్య బహుళ పంచమికి వెళ్ళేవాళ్ళు ఆ ప్రాంగణంలో ముత్యాల దండలు చెక్కిన స్తంభాల దగ్గర కాసేపు నిలబడి, వాటి ఊరు ఏదని అర్చకస్వామినో, పక్కనున్న పెద్దవాళ్ళనో అడగవచ్చు. జవాబు వాళ్ళకు తెలిసినా తెలియకపోయినా, అడిగినవాళ్ళ నోట హెంజేరు పేరు ఒకసారి పలుకుతుంది.